ఆదివారం ముట్టని పానా

మా ఇంటి వెనక చేలో ఈ ఉదయం ఎవరో వీపుకు తగిలించుకునే ఇంజను స్ప్రేయరుతో వరికి మందు కొడుతున్నారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా పురుగుమందు ఘాటు కింద నుంచి ఇంకో వాసన, పెట్రోలులో కలిపిన ఆయిలు కాలి నీలంగా లేచే పొగ వాసన, కిటికీ ఊచల్లోంచి లోపలికి వచ్చి, వాక్యం చదువుకుంటున్న నా వేలిని పుట మీదే ఆపేసింది. రోడ్ల మీద ఆ వాసన ఎప్పుడో పోయింది. అది తగిలితే దాని వెనకే నాకు ద్రాక్షారసం వాసన కూడా వస్తుంది. ఇంట్లో ద్రాక్షారసం లేకపోయినా వస్తుంది. వరండాలో పడక్కుర్చీలో ఉన్న నాన్నగారు కూడా తల ఎత్తారు. ఈ మధ్య ఆయన దేనికీ తల ఎత్తడం లేదు.

నాన్నగారు బోధకులు. మొగల్తూరు వైపు పోయే కాలువగట్టు పక్కన మా ఊరు, ఊరి చివర పెంకుల ప్రార్థన మందిరం, దాని గోడకు ఆనుకుని మా రెండు గదుల ఇల్లు. ఆయన చేతి కింద రెండు సంఘాలుండేవి. ఒకటి మా ఊరిది, రెండోది గోదావరి పాయ అవతల లంకలో ఉండేది. పాయ దాటాలంటే పంటు ఎక్కాలి. బళ్ళు, మనుషులు, గేదెలు, కొబ్బరి గెలలు, అన్నీ ఆ బల్లకట్టు మీదే. శ్రావణంలో గోదారి ఎర్రబడి వచ్చిందంటే పంటు కట్టేసేవారు. అప్పుడు లంకవాళ్ళు అవతలి ఒడ్డున, మేం ఇవతలి ఒడ్డున నిలబడి ఒకే కీర్తన పాడేవాళ్ళం. నీళ్ళ మీద మాటలు తెగిపోయి రాగం ఒక్కటే ముక్కలుగా వచ్చేది, అయినా ఆమెన్ మాత్రం ఎలాగో ఒకేసారి పడేది. చలికాలం వస్తే వెదురు కర్రకు రంగు కాగితం నక్షత్రం కట్టి, లోపల బల్బు పెట్టి, ఇంటింటికీ పాడుకుంటూ తిరిగేవాళ్ళం. ప్రతి గుమ్మంలోనూ పోకుండలో కజ్జికాయలో చేతిలో పెట్టేవారు, లంకలో అయితే కుంపట్లో కాల్చిన తేగలు ఇచ్చేవారు, వాటి మసి నా తెల్ల గౌనుకు అంటుకుని అమ్మ చేత చీవాట్లు పెట్టించేది.

శనివారం మా ఇంట్లో రెండు రోజుల పని జరిగేది. ఆదివారం ప్రభువు దినం, ఆ రోజు మా ఇంట్లో ఏ పనిముట్టూ లేవకూడదు. అందుకని అమ్మ శనివారమే మట్టిదాకలో చేపల పులుసు పెట్టి ఉట్టి మీద ఉంచేది. మర్నాటికి ముక్కలకు పులుపు పట్టి అది ఇంకా రుచిగా ఉండేది, చిన్నతనంలో ఆ రుచిని నేను ఆదివారపు దీవెన అనుకునేదాన్ని. కొబ్బరికాయల పీచు తీయడం, ఇస్త్రీపెట్టెలో కొబ్బరి చిప్పల బొగ్గులు వేసి తెల్ల జుబ్బా ఇస్త్రీ చేయడం, చెప్పులకు నల్లరంగు రుద్దడం, గోళ్ళు తీసుకోవడం, కుండల నిండా నీళ్ళు తోడడం, అన్నీ దీపాలు పెట్టే వేళకు అయిపోవాలి. నేను తొక్కుడుబిళ్ళ ఆడేది అరిగిపోయిన క్లచ్చి ప్లేటు ముక్కతో, అన్నయ్య తెచ్చిచ్చాడు. దాన్ని కూడా నాన్నగారు శనివారం సాయంత్రం తీసుకుని కిటికీ గూట్లో పెట్టి, సోమవారం పొద్దున్న తిరిగి నా చేతికిచ్చేవారు. కోపంతో కాదు. ఆదివారం పూట నా కాళ్ళు కూడా విశ్రాంతి తీసుకోవాలని ఆయన నిజంగా అనుకునేవారు.

మా బండి పెట్రోలులో ఆయిలు కలిపి పోసే టూ స్ట్రోకు మోటారు సైకిలు. సంఘం వాళ్ళే కొనిచ్చారు. పెద్దలు పెట్రోలు ట్యాంకు మీద చేతులుంచి ప్రార్థన చేసిన రోజు నాకు గుర్తుంది. కానీ అది పాతది, ముగ్గురం ఎక్కితే గట్టు ఎక్కడానికి మూలిగేది. అన్నయ్య నడిపేవాడు, వెనక నాన్నగారు ఒడిలో రొట్టె, ద్రాక్షారసం ఉన్న సంచీతో కూర్చునేవారు, నేను ట్యాంకు మీద. రేవు దగ్గర ఎత్తు వచ్చేసరికి నన్ను దింపి నడిపించేవారు. ఆ ఆలస్యానికి మొదటి పంటు తప్పిపోయేది. లంక పెద్ద ఒకాయన నాన్నగారితో ఎప్పుడూ అనేవాడు.

"అయ్యగారండి, మీ బండి కంటే మా గేదె ముందొచ్చేత్తాదండి."

"అయితే దాన్నే తోలుకు రండి. ఎక్కుతాను," అనేవారు నాన్నగారు.

నవ్వుకునేవాళ్ళు గానీ, లంకలో ముసలివాళ్ళు రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్లకు పరగడుపున వచ్చేవారు. ఒక ఎండాకాలం ఆదివారం, మేం రెండో పంటుకు చేరేసరికి ఒక ముసలమ్మ గుడిసె నీడలో కళ్ళు తిరిగి పడుకుని ఉంది. ఆ రోజు ఇంటికొచ్చాక అన్నయ్య, "ఇంక మొదటి పంటు తప్పిపోదు నాన్నగారూ. నాకొదిలేయండి," అన్నాడు.

అన్నయ్య పేరు తిమోతి. భీమవరంలో ఐటీఐ చదివేవాడు. సాయంత్రాలు పాలకొల్లులో ఒక మెకానిక్ షెడ్డులో గడిపేవాడు. వాడి చొక్కాలకు ఎప్పుడూ ఆ నీలం పొగ వాసనే. వేగం అంటే వాడికి పిచ్చి, అబద్ధమెందుకు, ముసలమ్మ కోసం ఎంతో, గట్టు మీద అందరూ తలతిప్పి చూడాలనీ అంతే. ఒక శనివారం పొద్దున్నే బండిని గన్నేరు చెట్టు కింద పెట్టి, సీటు పక్కన ఉండే గాలి డబ్బా మూత విప్పాడు. ఇంజను గాలి పీల్చేది దానిలోంచే. ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో ఆ మూతకు బెజ్జాలు పొడిచాడు. ప్లాస్టిక్కు కాలిన కంపుకు అమ్మ బయటికొచ్చింది.

"ఒరే, దేవుడు మట్టి బొమ్మకి ముక్కులో ఊపిరి ఊదాడంట గానీ, నువ్వు ముక్కే కోసేస్తున్నావేంట్రా?"

"ఊపిరాడక చచ్చిపోతుందమ్మా ఇది. కాసేపాగి చూడు."

గాలి ఎక్కువ వెళ్తే పెట్రోలూ ఎక్కువ వెళ్ళాలని నాకు వాడే చెప్పాడు. కార్బొరేటర్ గిన్నె విప్పి, లోపలున్న ఇత్తడి జెట్టు తీసి నా అరచేతిలో పెట్టాడు. మినపగింజకు కాస్త పెద్దది, నడుమ సూది మొన పట్టేంత బెజ్జం. ఇంజను తాగే పెట్రోలంతా ఆ బెజ్జంలోంచే రావాలి. షెడ్డు నుంచి ఇంకా పెద్ద బెజ్జాలున్న జెట్లు అగ్గిపెట్టెలో తెచ్చుకున్నాడు. ఏది సరిపోతుందో ముందే తెలియదు. ఒకటి వేసి, బండి నడిపి, ఆపి, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి చూడాలి. నల్లగా మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువైనట్టు. సున్నంలా తెల్లగా ఉందంటే పెట్రోలు చాలనట్టు, లోపల వేడి మితిమీరినట్టు, అలాగే తోలితే పిస్టను ఉబ్బి పట్టేస్తుంది. తేనె రంగు వస్తే సరిగ్గా ఉన్నట్టు. "తేనె రంగు, గుర్తుంచుకో రూతమ్మా," అని వాడు నా ముక్కు మీద మసి రాశాడు.

మొదట వేసిన జెట్టు మరీ పెద్దదైంది. బండి దగ్గింది, ప్లగ్గు కాకిలా నల్లగా వచ్చింది. అది తీసి చిన్నది వేశాడు. అప్పుడు నాన్నగారిని వెనక కూర్చోబెట్టుకుని ఊరి కాలువ వంతెన ఎక్కించాడు. గాలి పీల్చే గుర్రుమనే చప్పుడు, దాని మీద సన్నటి అరుపు. మూలుగుతూ ఎక్కే ఎత్తును బండి ఒక్క ఊపున ఎక్కేసింది. నాన్నగారు జుబ్బా ఎగురుతుండగా పైనుంచి గట్టిగా నవ్వారు. ఆయన అలా నవ్వగా నేను చూసింది అదొక్కసారే. వాళ్ళు తిరిగొచ్చేసరికి అమ్మ దీపం పెట్టేసింది. అన్నయ్య ప్లగ్గు విప్పే పానా అందుకున్నాడు. నాన్నగారు దీపం వైపు చూశారు. వాడు పానా కింద పెట్టి, కాళ్ళు కడుక్కుని ప్రార్థనకు వచ్చాడు.

ఆదివారం పొద్దున్న నేను లేచేసరికి అన్నయ్య గన్నేరు కింద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ప్లగ్గు వాడి చేతిలో ఉంది. సున్నంలా తెల్లగా ఉంది. నాన్నగారు స్నానం చేసి, తెల్ల జుబ్బాతో గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"పానా ముట్టుకున్నావా తిమోతీ?"

"తెల్లగా వచ్చిందండి. నడిమి జెట్టుంది, అది వేస్తే సరిపోద్ది. చిన్న పని నాన్నగారూ."

"పని చిన్నదే. రోజు పెద్దది. రేపు వేద్దువుగాని."

"గట్టు మీద గట్టిగా నొక్కితే పట్టేస్తుందండి."

"నొక్కకు. నెమ్మదిగా పోదాం."

అన్నయ్య ప్లగ్గును గుడ్డతో తుడిచాడు. "ఆయ్, అలాగేనండి," అన్నాడు. ప్లగ్గు బిగించడానికి కూడా పానా కావాలి కదా అని నేను అడగబోయాను; వాడు వేళ్ళతోనే చుట్టి, గుడ్డతో పట్టుకుని బిగించి నాకు కన్ను గీటాడు.

దారంతా వాడు నెమ్మదిగానే తోలాడు. కాలువలో గుర్రపుడెక్క పూలు, ఇటు నారుమళ్ళ మీద మంచు. ట్యాంకు మీద కూర్చున్న నా వీపుకు వాడి గుండె తగులుతూ ఉంది. చివరి మలుపు తిరిగేసరికి రేవు కనబడింది. పంటువాడు తాడు విప్పుతున్నాడు. వెనకనుంచి నాన్నగారి చేయి అన్నయ్య భుజం మీద పడింది.

"కొంచెం పెంచరా. దొరుకుతుంది."

తండ్రి మాట జవదాటని కొడుకు వాడు. పెంచాడు. బండి గొంతు సన్నబడింది, ఇంకా సన్నబడి ఈల అయింది, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఇంజను పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోయి బండి అడ్డం తిరిగింది. నేను కాలువ ఒడ్డు గడ్డిలో పడ్డాను. నాన్నగారు దారి మీద పడ్డారు, భుజం ఎముక విరిగింది. అన్నయ్య తల తూము రాతికి తగిలింది. సంచీలో సీసా పగిలి ద్రాక్షారసం వాడి తెల్ల చొక్కా మీదికి కారుతుంటే, చాలాసేపు నేను ఆ ఎరుపంతా అదేననుకున్నాను. పెట్రోలు, కాలిన ఆయిలు, ద్రాక్షారసం. పంటు మీద నుంచి జనం దిగి పరుగెత్తుకొచ్చారు. అంటే, పంటు ఆగింది.

తర్వాత సంఘంలో రెండు మాటలు పుట్టాయి. ప్రభువు దినాన పానా ముట్టినందుకు దేవుడు శిక్షించాడని కొందరు, అయ్యగారి మొండితనం కొడుకును మింగిందని కొందరు. నాన్నగారు ఆదివారాన్ని సడలించలేదు సరికదా, ఇంకా బిగించారు. అమ్మ ఆయనతో అవసరానికి మించి మాట్లాడకుండానే పోయింది. చాలా ఏళ్ళు నేను కూడా ఆయనను కఠినుడనుకున్నాను. ఇప్పుడు అర్థమవుతుంది. ఆ నియమం సడలిస్తే, అన్నయ్య దేనికోసం పోయాడో చెప్పుకోవడానికి ఆయన దగ్గర ఇంకేమీ మిగలదు. విశ్రాంతి దినాన గుంటలో పడ్డ ఎద్దును పైకి తీయరా అని ప్రభువు అడిగిన భాగం వాక్య పఠనంలో ఏటా వచ్చేది. అది మాత్రం ఆయన వేరేవాళ్ళ చేత చదివించి, తలొంచుకుని నీళ్ళు తాగేవారు.

నేను విశ్వాసిని. ప్రభువు మంచివాడని నమ్ముతాను, మోకాళ్ళ మీద అదే చెబుతాను. కానీ ఆ తెల్లటి ప్లగ్గు గురించి ఇన్నేళ్ళుగా అడిగాను. ఆ ఒక్కదానికీ నాకు జవాబు రాలేదు. వస్తుందని ఎదురుచూడటం కూడా మానేశాను.

పంటు ఇప్పుడు లేదు, పాయ మీద వంతెన కట్టారు. లంక సంఘం వాళ్ళు సగంమంది భీమవరం చెరువుల పనులకు పోయారు, మిగిలినవాళ్ళు ఆటోల్లో ఇటే వస్తారు. ఇప్పటి బళ్ళలో కార్బొరేటరే లేదు. ఎంత గాలి వస్తే ఎంత పెట్రోలు పోయాలో లోపలి కంప్యూటరు చిప్పే లెక్క చూసుకుంటుందట. షెడ్డు కుర్రాడితో నేను జెట్టు అంటే తెల్లబోయి చూశాడు. ప్లగ్గు రంగు చూసి ఇంజను మనసు చెప్పేవాళ్ళు, కాలువగట్టు మీద ఆ సన్నటి అరుపు, గన్నేరు చెట్టు, ఏవీ లేవు. ఆ అగ్గిపెట్టె ఒక్కటి అమ్మ దారపుండల డబ్బాలో ఉంది. నడిమి జెట్టు అందులోనే ఉంది.

"అమ్మాయ్," అని నాన్నగారు వరండాలోంచి పిలిచారు. ఆయనకు ఇప్పుడు రోజులు గుర్తుండవు, నా పేరు గుర్తుండదు. పొగ వచ్చే వైపు చూస్తున్నారు. "వాడికి పానా ఇవ్వమ్మా. జెట్టు మార్చుకోమను. పంటు పోతే పోనీ. నేను ఆగుతాను."

ఈ రోజు ఆదివారం. అబద్ధం ఏ రోజైనా పాపమే.

"మార్చేశాడు నాన్నగారూ," అన్నాను. "తేనె రంగు వచ్చింది."

ఆయన ముఖం తేటపడింది. చెప్పులు అడిగారు. తొడిగాను. సంచీ అడిగారు, కూరగాయల సంచీ ఒడిలో పెట్టాను. చేలో మందు కొట్టడం ఎప్పుడో అయిపోయింది, వాసనా పోయింది. ఆయన మాత్రం చెప్పులు వేసుకుని, సంచీ పట్టుకుని, ఎవరైనా వచ్చి ఎక్కమంటారేమోనని రోడ్డు వైపు చూస్తూ అలాగే కూర్చున్నారు.