సంఘం చరిత్రలో అమ్మ పేరు

ఇదంతా మొదలైంది స్టాఫ్‌రూంలో, మధ్యాహ్న భోజనం వేళ. మా ఊరి బాప్టిస్టు సంఘం చరిత్రను పుస్తకంగా వేస్తున్నారు. తెలుగు ఎంఏ చదివానని ప్రూఫులు నాకిచ్చారు. టేబుల్ మీద పరుచుకుని దిద్దుతుంటే పక్క కుర్చీలోని టీచరు టిఫిన్ మూత తీస్తూ వంగి చూసింది.

"గిదేంది మేడం, గీ తడి జుట్టు పిల్ల మీరే కదా?"

నేనే. పదిహేనేళ్ళప్పుడు, చెరువులో బాప్తిస్మం తీసుకుని గట్టెక్కాక తీసిన ఫోటో. కింద ఆ రోజు మునిగిన మా అందరి పేర్లూ ఉన్నాయి.

"అరె, మీరు చర్చోళ్ళా! ఇన్నొద్దులకు గూడ చెప్పకపోతిరి. మరి సర్టిఫికెట్ల ఏం రాపిచ్చిన్రు?"

సరదాగా అడిగింది. మంచి మనిషి. మా పిల్లలకు జ్వరమొస్తే నా క్లాసులు కూడా తనే చూసుకుంటుంది. జవాబు కోసం ఆగకుండా, తొక్కు వేసుకుంటారా అని డబ్బా ముందుకు జరిపింది. వేసుకున్నాను. అన్నం తిన్నాను. మూడో తరగతికి వెళ్ళి రెండో ఎక్కం చెప్పించాను. ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించకపోవడమే వింతగా ఉండింది.

నా ఉద్యోగం ఎస్సీ కోటాలో వచ్చింది. సర్టిఫికెట్‌లో హిందూ మాదిగ అని ఉంటుంది. క్రైస్తవులమని చెప్పుకుంటే చట్టం లెక్కలో మేము ఎస్సీలం కాము, బీసీ-సీ. అప్పుడు ఆ కోటాలో వచ్చిన ఉద్యోగం నిలవదు. నేను చెరువులో మునిగిన ఏడే, పదో తరగతి పరీక్షల కోసం మా బాపు తహసీల్ ఆఫీసు నుంచి ఆ కాగితం తెచ్చాడు. మా వాడలో అందరూ అలాగే చేశారు. ఆదివారం ఒకటి, ఆఫీసులో ఒకటి. ఎవరూ దాన్ని దొంగతనం అనుకోలేదు. వాడ మారలేదు, మమ్మల్ని పిలిచే పేరూ మారలేదు.

పుస్తకంలోని చరిత్ర పెద్దదేమీ కాదు. ముత్తవ్వల కాలంలో ఒక తెల్ల దొరసాని ఎడ్లబండిలో మా వాడకు వచ్చింది. దేవుడి మాట చెప్పడానికే వచ్చింది గానీ, ముందు పిల్లల కళ్ళకలకకు మందు వేసింది, తర్వాత పలకలు పంచింది. ఊరి బడి గడప ఎక్కనివ్వని పిల్లలు ఆమె ముందు కూర్చుని అక్షరాలు దిద్దారు. కొన్నేళ్ళకు దొరసానులు వెళ్ళిపోయారు. సంఘం మాత్రం ఉంది. ఇప్పటికీ మా పాస్టరును పైనుంచి ఎవరూ పంపరు, మేమే ఎన్నుకుంటాం. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వం. బుద్ధి తెలిశాక ఎవరికి వారు అందరి ముందు నిలబడి, నమ్ముతున్నానని నోటితో చెప్పాలి. ఒకరి తరఫున ఇంకొకరు చెప్పడానికి లేదు.

మా ఆయన భూపాలపల్లిలో బొగ్గు గనిలో పని చేస్తాడు. స్టాఫ్‌రూం సంగతి చెప్పగానే అక్కడి నుంచే పాస్టరు అయ్యగారికి ఫోన్ చేసి, మా ఆవిడ పేరు తీసేయండి అన్నాడట. అయ్యగారు కుదరదన్నాడట.

ఆదివారం పిల్లలిద్దరినీ తీసుకుని, మేముండే జనగామలో బస్సెక్కాను. తొర్రూరులో దిగి, ఆటోలో దంతాలపల్లి దాటి మా ఊరు చేరేసరికి ఆరాధన సగమైంది. అయిపోయాక అయ్యగారి దగ్గరికి వెళ్ళాను.

"రా బిడ్డా. నువ్వు గూడ పేరు తియ్యమననీకేనా?"

"ఔ అయ్యగారూ."

"పోలీసు పిలగాడు వొచ్చిండు. బ్యాంకుల పనిచేసే పిల్ల వొచ్చింది. గిట్లయితే మన చరిత్రల ముసలోళ్ళు, సచ్చిపోయినోళ్ళే మిగుల్తరు."

సంఘ పెద్ద ఒకాయన చాప చుడుతూ అందుకున్నాడు. "మంచిదే కదా అయ్యగారూ. ఆళ్ళను ఏ ఆఫీసోడు పిలిచి అడుగుతడు?"

అందరూ నవ్వారు. అయ్యగారు కూడా నవ్వి, "మీ ఆయన ఫోన్ల చెప్తే నేనొప్పుకోలె. నీళ్ళల దిగేటప్పుడు నువ్వే చెప్పినవు. గిది గూడ నువ్వే చెప్పాలె," అన్నాడు.

చెప్పాను. ఫోటో కూడా తీసేయమన్నాను. ఆయన ప్రూఫుల మీద కలంతో అడ్డంగా గీత గీశాడు.

అమ్మ సంగతి మిగిలింది. పుస్తకంలో అమ్మ మీద ఒక పేరా ఉంది. గాలివానకు చర్చి కప్పు లేచిపోయిన ఏడు, ఆడవాళ్ళను కూడగట్టి తాటి దూలాలు మోయించిన సంగతి. అమ్మే చెప్పింది, నేను రాశాను. రాశాక ఇంకోసారి చదువు, ఇంకోసారి చదువు అని మూడుసార్లు చదివించుకుంది. అందులో అమ్మ పేరు, నా సర్టిఫికెట్‌లో ఉన్న బాపు పేరు, కూతురు టీచరని కూడా ఉంది.

"ఆమెది గూడ తియ్యున్రి," అన్నాను.

"గది నువ్వు చెప్తే ఎట్ల బిడ్డా? ఆమె చెప్పాలె."

అమ్మ కిటికీ దగ్గర పాటల పుస్తకాలు సర్దుతోంది. దగ్గరికి వెళ్ళి విషయమంతా చెప్పాను. నౌకరి పోతదా అని అడిగింది. పోవచ్చన్నాను. పిల్లల వైపు చూసింది. నా ఎనిమిదేళ్ళ కూతురు పక్కనే నిలబడి వింటోంది.

అమ్మ కొంగు నిండా కప్పుకుని, ఆరాధనలో సాక్ష్యం చెప్పేవాళ్ళు అందరి ముందు నిలబడే చోటికే పోయి నిలబడింది.

"అయ్యగారూ, నా పేరు తియ్యున్రి. దూలాలు అందరం మోసినం. ఆడోళ్ళు మోసిన్రు అని రాయున్రి, సాలు."

తర్వాత ఇంటికి తీసుకెళ్ళి మాకు అన్నం పెట్టింది. కోడిగుడ్డు కూర. బస్సు తప్పిపోతదని తొందర పెట్టింది. దారిలో నాకు ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఇంటికొచ్చి పిల్లల యూనిఫారాలు ఇస్త్రీ చేశాను, వాళ్ళు పడుకున్నాక ఇదంతా రాయడం మొదలుపెట్టాను.

పొద్దున జడలు వేస్తుంటే కూతురు అడిగింది. "అమ్మమ్మ ఏం తప్పు చేసింది? పేరెందుకు తీసిన్రు?"

దాని తమ్ముడు కూడా పాలగ్లాసు పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. ఇద్దరికీ ఒకేసారి చెప్పాను.

"అమ్మమ్మ తప్పు చెయ్యలె. నా నౌకరి పోవద్దని నేను అడిగిన. అమ్మమ్మ ఇచ్చింది. బళ్ళె ఎవలన్న అడిగితే ఆదివారం అమ్మమ్మ ఊరికి పోతం అని చెప్పున్రి. దూలాలు మోపిచ్చింది మాత్రం అమ్మమ్మనే. అది మీరు యాదికుంచుకోవాలె, ఎవలకూ చెప్పొద్దు."