ఎగైలా దారిలో పొగలు

కువైట్‌లో డ్రైవరుగా ఉన్నప్పుడు, నడిరోడ్డు మీద ఆగిన కారును ఒంటిచేత్తో బాగుచేశాను. ఆ ఉదయమే షోరూమ్‌లో సర్వీసు చేయించిన కారు అది! రేడియేటర్ పైపు బిగించడం మరిచారు మహానుభావులు. ఎగైలా దారిలో పొగలు కక్కింది. ఇంజిన్ పోతే నా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఊరికి పంపేది నన్నే. షోరూమ్‌కి ఫోన్ చేస్తే, "బండి ఇక్కడికి తెండి, చూస్తాం" అన్నారు.

"బండి నడిస్తే నీకెందుకయ్యా ఫోను!" అని అరిచాను.

నిజం చెప్పొద్దూ, పైపు బిగించింది దారినపోయే కువైటీ ఒకాయన. పిలవకుండానే ఆగి, తెల్లటి దిష్‌దాషా అంగీ ఎగ్గట్టి, చేతులు మసి చేసుకున్నాడు. షేకులు అలాంటి పని ముట్టరనుకునేవాణ్ణి. నేను నీళ్లు మాత్రం పోశాను.

ఇలా చెబుతుంటే, ఆవేళ వెనకసీట్లో ఉన్న మా కఫీల్ ఇంటి పనమ్మాయి మరియమ్మ ఊరుకోలేదు.

"నీళ్లు పోసింది నేను బాబాయ్! నువ్వు రోడ్డుపక్కన కూకుని, నా ఉద్యోగం ఖలాస్ అని ఏడుత్తున్నావ్."