‘తెలుసులే’కు తెలియని గడి

ఆ కుట్టు దుకాణంలో ఆమెను అందరూ ‘తెలుసులే’ అనే పిలిచేవారు. కాజాలు కుట్టడం, అంచులు మడవడం, బిగుతైన నడుములు వదులు చేయడం ఆమె పని. ఆ చేతి వేగం చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కాకపోతే ఎవరేం చెప్పబోయినా, ఎదుటివాళ్ళ నోట్లో మాట నోట్లో ఉండగానే "తెలుసులే" అనేది. వాన వచ్చేలా ఉందే అన్నా తెలుసులే. నీ చెప్పు తెగిందే అన్నా తెలుసులే. ఆ తెగిన చెప్పుతోనే కాలీడ్చుకుంటూ ఇంటికి పోయేది గానీ, చూసుకోలేదని మాత్రం ఒప్పుకునేది కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆమె ఆశంతా కత్తెర మీద. దుకాణంలో కిటికీ పక్కన పొడవాటి బల్ల, దాని మీద నల్లపిడి పెద్ద కత్తెర ఉండేవి. అవి కటింగ్ మాస్టారివి. మోకాళ్ళు మొరాయిస్తున్నాయని ఆయన పని మానుకోబోతున్నారు. ఆ బల్ల తనదవుతుందని ఆమె ఎదురుచూస్తుంటే, ఆయన అందరి ముందూ తేల్చేశారు.

"కుట్టు తప్పితే విప్పుకోవచ్చమ్మా. తెగిన గుడ్డ అతకదు. తెలుసులే అనే చేతికి నేను కత్తెర ఇవ్వను."

"తెలుసులే మాస్టారూ" అంది ఆమె. దుకాణం గొల్లుమంది.

ఓనరమ్మకు జాలేసింది. "ఫోనులో కటింగ్ కోర్సు ఒకటుందిట. చేసి రా, తర్వాత మాస్టారికి నేను నచ్చజెబుతా" అంది.

ఆ కోర్సులో పాఠం విని ఊరుకుంటే కుదరదు. జట్టులో ఉన్నవాళ్ళు ఒకరికొకరు రాసుకుంటూ నేర్చుకోవాలి. మొట్టమొదటి రోజే, "ప్రతి ఒక్కరూ కొత్త దారం మొదలుపెట్టండి" అని వచ్చింది. థ్రెడ్ అనే మాటను ఏ మహానుభావుడు తెలుగు చేశాడో గానీ, చేరినవాళ్ళంతా దర్జీలాయె! మన తెలుసులే మిషనుకు కొత్త కండె ఎక్కించి, ఫొటో తీసి, "మొదలుపెట్టాను. నీలం" అని పెట్టింది. దాని కింద పరదాలు కుట్టే పెద్దాయన "నాది తెలుపు" అన్నాడు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే అక్క "నాది ఖాకీ. మీ నీలం ముచ్చటగా ఉంది, ఎక్కడ కొన్నారు?" అంది.

పక్కనే కూర్చుని ఆ ఫోనులోకి తల దూర్చిన అత్తగారు, "పాపం అడిగింది కదే, చెప్పవేం?" అంది.

పాఠం చెప్పే మేడమ్ పరుగున వచ్చి, దారమంటే ఇక్కడ మాటల వరస అని, ఒక ప్రశ్నా దాని కింద జవాబులూ అని సర్దిచెప్పింది. "ఆ మాత్రం తెలుసులే" అని రాసింది తెలుసులే.

అసలు చిక్కు గళ్ళ దగ్గర వచ్చింది. ఏది రాయాలన్నా మూడు గళ్ళు నింపాలి. మొదటిది ‘నాకు తెలిసింది’, రెండోది ‘నాకు తెలియనిది’, మూడోది ‘తోటివారికి నా ప్రశ్న’. తను రాసేదాకా పక్కవాళ్ళు రాసినవి కనబడవు, తెర కట్టినట్టే. రెండో గడిలో ఆమె "ఏమీ లేదు" అని రాసింది. మేడమ్ తిప్పి పంపింది. "అన్నీ తెలుసు" అని రాసింది. అదీ తిరిగొచ్చింది. ఒక చుక్క పెట్టి చూసింది. చుక్కా తిరిగొచ్చింది.

"ఒక్క గడికి ఇంత గింజుకుంటావేమే?" అంది అత్తగారు. "నీకు తెలియనివి నన్నడుగు, నేను చెప్తా. తలుపు గొళ్ళెం పెట్టడం తెలీదు. ఉప్పెంత వెయ్యాలో తెలీదు. అత్త మాట వినడం అసలే తెలీదు."

"ఆ గడి అంత పెద్దది కాదు లెండి అత్తయ్యా."

ఇంతలో బస్సు డ్రైవర్ల కోట్లు మరమ్మతుకొచ్చాయి. స్టీరింగు తిప్పుదామని చేతులెత్తితే చాలు, కోటు కోటంతా పైకి లేచి చెవుల దగ్గర కూర్చుంటోందట. ఓ కోటు ఇంటికి తెచ్చి, చంక కోత బిగుతైందనుకుని కాస్త కిందికి తీసింది తెలుసులే. ఇంకా ఎక్కువ లేచింది. ఇంకాస్త తీసింది. భర్తకు తొడిగి చేతులెత్తమంటే ఆయన మెడ కనబడకుండా పోయింది.

ఆమె చాలాసేపు గోరు కొరుక్కుంది. చివరికి రెండో గడిలో "చంక ఎంత తీసినా కోటు ఎందుకు లేస్తోందో నాకు తెలియదు" అని రాసి, కళ్ళు మూసుకుని ‘పంపు’ నొక్కింది.

ఎవరూ నవ్వలేదు. పరదాలాయన, "ఇంకా దించాలి, చేతికి చోటు చాలట్లేదు" అన్నాడు. యూనిఫారాల అక్క ఒప్పుకోలేదు. కారణం చెప్పకుండా కాదనకూడదని అక్కడి నియమం. అందుకని, "చంక కిందికి దిగేకొద్దీ కోటు చెయ్యీ, కోటు ఒళ్ళూ కలిసిపోతాయి. చెయ్యి లేస్తే ఒళ్ళూ లేస్తుంది. పైకి తేవాలి" అని విడమరిచి రాసింది. మేడమ్ తీర్పు చెప్పలేదు. "రెండు రకాలూ కుట్టి చూసి రాయండి" అంది.

పాత దుప్పటి చించి ఓ కోటు కుట్టింది తెలుసులే. ఎడమ చంక కిందికి, కుడి చంక పైకి. అది అత్తగారికి తొడిగి, తీగ మీద బట్టలు ఆరేయమంది.

"ఏమే! ఎడమ చెయ్యెత్తితే నడుందాకా గాలి కొడుతోంది. కుడిచెయ్యి హాయిగా ఉంది. ఇంకో బకెట్టు ఉంటే పట్రా."

ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసి పంపింది. "ఓడిపోయానమ్మా" అన్నాడు పరదాలాయన. "పరదాలకు చంకలుండవు కదా!"

మర్నాడు ఆ డ్రైవర్లకే కొత్త కోట్లకు గుడ్డ దిగింది. మాస్టారు సుద్దముక్క చేతిలో పట్టుకుని, ఊరికే అడిగినట్టు, "చంక ఎలా తీస్తావే?" అన్నారు.

పెదవుల దాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది. "పైకి తియ్యాలని తెలుసు మాస్టారూ. ఎంత పైకో తెలీదు."

కాజాల మిషను టక్కున ఆగిపోయింది. ఓనరమ్మ తలెత్తి చూసింది. మాస్టారు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఏమన్నావూ?"

"తెలీదన్నా."

"ఇంకోసారి అనమ్మా. ఈ చెవికి సరిగా వినబడి చావదు."

"తెలీదు మాస్టారూ, తెలీదు!"

ఆయన కత్తెర తీసి, పిడి ఆమె వైపు తిప్పి బల్ల మీద పెట్టారు. "ఓ డ్రైవర్ని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి కొలువు. నిలబెట్టి కాదు. ఎందుకో తెలుసా?"

"తె..." అని నాలుక్కరుచుకుని, "చెప్పండి" అంది ఆమె.