ఒక సాకు ఒక్కరికే

ప్యాంటు అంచులను మేజోళ్లలోకి దోపుకోవడమనే ఆచారం బోధన్ పట్టణంలో ఎప్పుడు మొదలైందో చెప్పే శాసనాలేవీ ఇంతవరకు దొరకలేదు. దొరికిన ఆధారాల మేరకు, అంటే రైలు గేటు పక్కన బాలన్న హోటల్లో చాయ్ తాగేవాళ్ల మాటల మేరకు, 1964లో జయరాజ్ అనే చక్కెర ఫ్యాక్టరీ ఫీల్డుమన్ దీనికి ఆద్యుడు. ముందు ఎడమకాలు, తర్వాత కుడికాలు. ఆపైన రెండు మడమలూ ఒకసారి నేలకు తట్టి, తన జావా మోటారు సైకిలుకు ఒకే ఒక్క తన్ను. ఈ వరుస నాలుగేళ్లపాటు తప్పలేదు. ఢిల్లీలో ప్రధానమంత్రులు మారారు, నిజాంసాగర్ కాలువకు నీళ్లు వచ్చి పోయాయి; జయరాజ్ ఎడమకాలు మాత్రం కుడికాలికి ముందే ఉంటూ వచ్చింది.

అందుచేత 1968 జనవరి చివర ఒక ఉదయం అతను ముందు కుడికాలు దోపుకుని, గుర్తొచ్చి విప్పి, ఎడమకాలు దోపి, కుడికాలి సంగతి మళ్లీ మరిచిపోయి బండెక్కినప్పుడు ఊరు ఊరంతా తన పని తాను చేసుకుపోవడం చరిత్ర పట్ల మన అలసత్వానికి నిదర్శనం. గమనించింది అతని భార్య యేసమ్మ ఒక్కతే.

"ఏందయ్యా, ఒక కాలు ఆఫీసుకు, ఒక కాలు పొలానికి పోతున్నదా?" అంది వాకిట్లోంచి.

జయరాజ్ దిగి కుడికాలు కూడా దోపుకున్నాడు. వచ్చే నెల మొదటి ఆదివారానికి ఇంకా పది రోజులుంది. ఆ పది రోజులనూ అతను మనసులో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు.

నెలలో మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి బోధన్ రైలు గేటు నుంచి నిజామాబాద్ దాకా మోటారు సైకిళ్ల పందెం. పదహారు మైళ్లు. కప్పు లేదు, కానుక లేదు, పేపర్లో పేరు రాదు. ఓడినవాడు గెలిచినవాడికి చాయ్ తాగించాలి, అంతే. మొదట్లో అయిదుగురుండేవారు. ఇప్పుడు మిగిలింది ఇద్దరు: జావా మీద జయరాజ్, బుల్లెట్ మీద నిజామాబాద్ బియ్యం మిల్లు వారి కొడుకు హన్మండ్లు. ఇద్దరున్నా పందెం పందెమే కనుక, రెండు ఊళ్ల గౌరవమూ ఇప్పుడు తలా రెండు చక్రాల మీద నడుస్తోంది.

జయరాజ్ ఉద్యోగం చెరకు చుట్టూ తిరగడం. ఏ రైతు ఏ రోజు చెరకు కొట్టి ఫ్యాక్టరీకి తోలాలో చీటీ రాసివ్వాలి. చందూర్ దాకా అతనివే ఊళ్లు. ఆ దుమ్ము దారుల్లో వారమంతా నడిపినవాడికి ఆదివారం తారు రోడ్డు పెళ్లి పందిరిలా కనిపించేది. నిరుడు క్రిస్మస్ ముందు దాకా.

క్రిస్మస్‌కు పది రోజుల ముందు, ఎడపల్లి దాటాక, మంచు పడుతున్న ఉదయం, చీటీల పని మీద జోరుగా పోతున్నాడు. చెరకు బండ్లు వరుసగా పోతున్నాయి. ఎడ్లకు దారి తెలుసు కనుక తోలేవాళ్లు గడల మీదే కునికిపాట్లు పడుతున్నారు. రోడ్డు మీద రాలిన చెరకు ఆకు మంచుకు తడిసి సబ్బులా ఉంది. ముందు చక్రం దాని మీద జారింది. బండి అడ్డంగా తిరిగి, రెండు బండ్ల మధ్య సందులోంచి దూరి, అవతల మట్టిలో నిలబడింది. జయరాజ్ పడలేదు. ఒక ఎద్దు కొమ్ము అతని చొక్కా జేబును శుభ్రంగా చించుకుపోయింది, అంతే. జేబులో ఉన్న చీటీలు రోడ్డంతా ఎగిరాయి.

బండ్ల వెనక నడుస్తూ బర్రెకు ఆకు ఏరుకుంటున్న హన్మవ్వ అనే ముసలామె ఆ చీటీలన్నీ ఏరి తెచ్చి చేతిలో పెట్టింది. జేబు చిరిగిన చోట, గుండె మీద, ఒకసారి చూసింది.

"ఇంట్ల ఎవరు లేరా బిడ్డా నీకు?"

"ఉన్నరవ్వా."

"మరి ఎవరు లేనోని లెక్క నడుపుతవేంది?"

అని ఆకు మోపు నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ మాట మాత్రం ఆనాటి నుంచి బండి వెనక సీటు మీద కూర్చుంది. దిగమంటే దిగదు. జనవరి పందెంలో జయరాజ్ గెలిచాడు కానీ, ఎలా గెలిచాడో అతనికే తెలియదు. దారి పొడుగునా కొమ్ములే కనిపించాయి.

అయితే మానెయ్యవచ్చు గదా అంటారు, తెలియనివాళ్లు. మానడానికీ ఒక పద్ధతి ఉంది. పందెం మానేవాడు బాలన్న హోటల్లో అందరి ముందూ నిలబడి కారణం చెప్పాలి. చెప్పాక ఎవరూ మారు మాట్లాడరు. కానీ ఒకరు చెప్పిన కారణం ఇంకొకరు చెప్పరాదు. ఈ చట్టం పుట్టుక ఇలా జరిగింది. అందరికంటే ముందు రాజలింగు నడుమునొప్పి అని మానేశాడు, సభ ఆమోదించింది. ఆర్నెల్లకు రామ్‌దాస్ లేచి తనకూ నడుమునొప్పి అన్నాడు. "రాజలింగు నడుము కిరాయికి తెచ్చుకున్నవా?" అని బాలన్న అరిచేసరికి హోటలంతా గొల్లుమంది. పాపం రామ్‌దాస్ ఇంకో నెల పందెంలో నడిపి, తర్వాత మామగారు ఇక పందెం వద్దని ఒట్టు పెట్టించుకున్నారని చెప్పి బయటపడ్డాడు. నర్సింలు పెళ్లి చేసుకుని భార్య పేరు చెప్పాడు. అలా నడుము, మామ, భార్య, మూడూ ఖర్చయిపోయాయి. జయరాజ్‌కు నడుముంది, మామ ఉన్నాడు, భార్య ఉంది, ఒక్కటీ పనికిరాదు.

భయం అన్న కారణం ఎవరూ చెప్పలేదు. కానీ అది మీసమున్న మనిషి నిలబడి చెప్పే మాటా?

మొదట పాస్టరుగారి దగ్గరికి వెళ్లాడు. ఆదివారం నాడు పందెం తగదని ఆయన ఒక్క మాట అంటే చాలు.

"ఆరాధనకు ఎన్నడన్న లేటుగ వచ్చినవా?" అన్నారాయన.

"లేదయ్యగారూ. పదింటికల్లా వస్తున్న."

"మరింకేంది? పోయిన పందెంల నువ్వు గెలిస్తే మన సంఘం పిల్లలంత నీ పేరే చెప్పుకున్నరు. రా, ప్రార్థన చేస్త." ఆయన అతని తల మీద చెయ్యి పెట్టి గెలుపు కోసం ప్రార్థించారు. జయరాజ్ ఆమెన్ అనాల్సి వచ్చింది.

మర్నాడు నిజామాబాద్ వెళ్లి కళ్ల డాక్టరు ముందు కూర్చున్నాడు. చూపు తగ్గిందంటే ఎవరు కాదంటారు? గోడకున్న అట్ట మీద కింది మూడు వరుసలూ కనిపించడం లేదన్నాడు.

"అయ్యో, అంత పాడైనయా? కింద ఈగ వాలింది, అదన్న కనిపిస్తున్నదా?" అన్నాడు డాక్టరు.

"అది ఈగ కాదు సార్, చీమ."

డాక్టరు లేచి దగ్గరికెళ్లి చూశాడు. చీమే. అభినందించి పంపించాడు.

ఇక బండి మీద ఆశ పెట్టుకున్నాడు. ఇంజను లోపల ఏదో కొట్టుకుంటోందని, తొందరేం లేదని, అవసరమైతే నెలంతా ఉంచుకోమని చెప్పి మెకానిక్ లింబయ్యకు అప్పగించాడు. శుక్రవారం సాయంత్రానికల్లా లింబయ్యే దాన్ని నడుపుకుంటూ ఇంటి ముందుకు వచ్చాడు.

"నీ చెవుల్నే ఏదో కొట్టుకుంటున్నది సారూ, ఇంజన్ల ఏం లేదు. అయినా మొత్తం ఇప్పి సాఫ్ జేసిన. ఇప్పుడు సూడు, గాలే! పైసలు గూడ నేను ముట్ట. నిజామాబాదోడు మన పొగ తాగాలె, గంతే."

జయరాజ్‌కు అన్నం సయించడం మానేసింది. తాముండే కిరస్తానీ గల్లీలో ఎవరైనా చేట విదిలించినా ఉలిక్కిపడుతున్నాడు. శనివారం ఒక రైతుకు ఒకే పొలానికి రెండు చీటీలు రాసిచ్చాడు. ఆ రైతు వాటిని ఇటూ అటూ తిప్పి, "సారూ, కొట్టిన చెరుకునే మల్లొకసారి కొట్టుమంటవా?" అని అడిగాడు. జయరాజ్ రెండింటినీ లాక్కుని చించేశాడు. తర్వాత ఆ రైతుకు అసలు చీటీ లేదని గుర్తొచ్చి మూడోది రాశాడు. రైతు ఆ మూడోదాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "జెరమొచ్చినట్టున్నది, పండుకో సారూ," అన్నాడు జాలిగా. జ్వరం! జయరాజ్ తన నుదురు తానే పట్టుకుని చూసుకున్నాడు. చల్లగా ఉంది.

ఆదివారం రానే వచ్చింది. గేటు దగ్గర నలభై మంది దాకా పోగయ్యారు. హన్మండ్లు అప్పటికే నిజామాబాద్ నుంచి వచ్చి, బుల్లెట్ పక్కన నిలబడి మెడకు రుమాలు కట్టుకుంటున్నాడు. ముఖం రాయిలా ఉంది. అంత ధైర్యం ఎక్కడ అమ్ముతారో తెలిస్తే జయరాజ్ ఆ క్షణమే వెళ్లి కొనుక్కునేవాడు.

అతను బండి నిలిపి నేరుగా హోటల్లోకి వెళ్లి బాలన్నను పొయ్యి వెనక్కి పిలిచాడు. చెప్పాలనుకున్నవన్నీ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. చివరికి ఒకటే బయటికి వచ్చింది.

"బాలన్నా, నాకు భయమైతున్నదే."

బాలన్న చాయ్ వడగడుతున్నాడు. గుడ్డ పిండడం ఆపలేదు.

"ఎప్పటిసంది?"

"క్రిస్మస్ ముందలి సంది."

"గింతేనా? హన్మండ్లుకు దసరా సంది."

జయరాజ్ హోటలు గుమ్మంలోంచి హన్మండ్లు వైపు చూశాడు. బాలన్న గొంతు తగ్గించాడు.

"రాజలింగు గీ పొయ్యి కాడనే ఏడ్చిండు. నడుమునొప్పి అని నేనే చెప్పిచ్చిన. ఒట్టు పెట్టిచ్చుకునేటందుకు రామ్‌దాస్ మామ ఆ ఏడు ఊర్లనే లేడు. నర్సింలు పెండ్లాం ఇప్పటిదాంక అడుగుతది, ఎందుకు మానిండు అని. అందరు నాతోటి చెప్పింది నువ్వు చెప్పిందే తమ్మీ."

"మరి హన్మండ్లు ఇంకెందుకు నడుపుతున్నడు?"

"నువ్వు నడుపుతున్నవని."

"నాకు చెప్పవచ్చు గదా!"

"నువ్వు అడిగితివా? ఒకని భయం ఇంకొకనికి చెప్తె నా హోటల్ నడుస్తదా?" బాలన్న గ్లాసు చేతికిచ్చాడు. "నాకాడ గూడ సాకులు ఒడిసినయ్. బయట గంతమంది ఉన్నరు. ఎట్ల జేస్తవో జెయ్."

ఏడు గంటలైంది. బాలన్న బయటికొచ్చి చాయ్ గుడ్డను జెండాలా ఊపాడు. రెండు ఇంజన్లూ గర్జించాయి. నలభై మందీ కేకలు పెట్టారు. లింబయ్య అన్నట్టు జావా గాలిలాగే లేచింది. ఫర్లాంగు దూరంలో మలుపు. మలుపు తిరగ్గానే, కేకలు వినిపించని చోట, చెరకు బండ్ల వరుస కనిపించింది. చక్రాల కింద తడి ఆకు. యాక్సిలరేటర్ మీద జయరాజ్ చెయ్యి దానంతటదే సడలింది. బండి నెమ్మదించింది. ఇప్పుడు బుల్లెట్ తనను దాటిపోతుందని, ఊరి పరువు దాని వెంటే పోతుందని, కళ్లు మూసుకోవాలనిపించింది.

ఏదీ దాటలేదు. వెనక్కి చూశాడు. హన్మండ్లు పది గజాల వెనక, రెండు కాళ్లూ నేలకు ఆనిస్తూ, మెల్లగా వస్తున్నాడు.

"ఏందన్నా, బండి ఖరాబైందా?" అని అరిచాడు హన్మండ్లు.

"లేదు. నీది?"

"లేదు."

హన్మండ్లు బుల్లెట్‌ను మరికాస్త ముందుకు దొర్లించాడు.

"దారి మంచిగ లేదు," అన్నాడు హన్మండ్లు, రోడ్డు వైపు చూస్తూ.

"అవును. ఆకు పడ్డది."

"ముందట గూడ ఉంటది గావచ్చు."

"ఉంటది. నిజామాబాద్ దాంక ఉంటది."

హన్మండ్లు మెడ రుమాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. చలికాలపు ఉదయం ఆ ముఖం నిండా చెమటే. అతను బుల్లెట్‌ను జావా పక్కకు తెచ్చాడు. ఇద్దరూ చెరకు బండ్ల వెనకే, ఎడ్లు బెదిరిపోకుండా, హారను కొట్టకుండా సాగారు. ఎడపల్లిలో ఆగి నీళ్లు తాగారు. జానకంపేట దగ్గర హన్మండ్లు తన కూతురికి పళ్లొస్తున్నాయని చెప్పాడు. నాలుగేళ్లుగా పోటీపడుతున్న మనిషికి కూతురుందని జయరాజ్‌కు అప్పుడే తెలిసింది.

నిజామాబాద్‌లో ఎవరు ముందు చేరారో ఇద్దరూ చూసుకోలేదు. చాయ్ డబ్బులు ఎవరిది వాళ్లే ఇచ్చుకున్నారు. ఆ తర్వాత ఆ దారిలో పందెం మళ్లీ జరగలేదు.

ఆ రోజు వాళ్లకు గంటా పది నిమిషాలు పట్టింది. బోధన్ నుంచి నిజామాబాద్‌కు బస్సు యాభై నిమిషాల్లో పోతుంది.