గ్వాటెమాలా అడవిలో తిన్నని గీత

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో కొన్నాళ్లు నా ఉద్యోగం అడవిని చూడటం. గ్వాటెమాలా ఉత్తరాన ఉన్న అడవిని ఉపగ్రహం ఫొటోలు తీసేది. పాత ఫొటో పక్కన కొత్తది పెట్టి, పచ్చదనం ఎక్కడ పోయిందో అక్కడ గుర్తులు పెట్టి అక్కడివాళ్లకు పంపేదాన్ని. ఖర్చు అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయం నుంచి వచ్చేది. మా కంపెనీకి అదొక చిన్న కాంట్రాక్టు.

ఆ గుర్తులు అందుకునేది అటవీశాస్త్రం చదివిన ఒకావిడ. అడవిలోని ఊళ్లవాళ్లు కలిసి పెట్టుకున్న కాపలా బృందాన్ని ఆవిడే నడిపేది. వారం వారం వీడియోలో మాట్లాడుకునేవాళ్లం. ఆవిడ ఇంగ్లిష్ నెమ్మదిగా, ఆచితూచి మాట్లాడేది. నాకు స్పానిష్ రాదు.

ఒక చలికాలంలో ఆ పచ్చదనం మధ్య సన్నటి మట్టిరంగు గీత కనిపించింది. వాగులు అంత తిన్నగా పారవు. వెంటనే పంపాను. బృందం వెళ్లి చూస్తే కొత్తగా వేసిన బాట, దాని చివర తగలబెట్టిన చెట్లు, పశువుల కోసం చల్లిన గడ్డి గింజలు ఉన్నాయట. అధికారులను తీసుకెళ్లి ఆపించారు. వానలు పడ్డాక బాట మీద పిచ్చిమొక్కలు లేచాయి, ఫొటోలో గీత చెరిగిపోయింది. ఆ సంగతి ఇంట్లో గొప్పగా చెప్పాను. మా ఆయన అంతా విని, "మరి అక్కడ మేపాలనుకున్న ఆవుల్ని ఎటు తోలుకెళ్లారు?" అన్నాడు. నాకు తెలియదు.

తర్వాతి కాల్‌లో ఆవిణ్ణే అడిగాను. ఇంకో చోటికి తోలతారని, కొన్నిటిని దొంగచాటుగా మెక్సికోకు దాటిస్తారని, అందులో కొంత మాంసం అమెరికాకీ వస్తుందని చెప్పింది. ఆ గొంతులో నిష్ఠూరమేమీ లేదు.

మరుసటి ఏడాది ఏదో వర్క్‌షాప్‌కని మా ఆఫీస్‌కి వచ్చింది. లంచ్‌లో బీఫ్ శాండ్‌విచ్‌లు పెట్టారు. నేను ముట్టుకోకపోవడం చూసి, అడవి కోసం మానేశావా అని అడిగింది. కాదు, మా ఇంట్లో ఎవరూ తినరని చెప్పాను. నవ్వి, తను తినడం మొదలుపెట్టింది. సగం తిన్నాక అంది: "కాపలాకి మీవాళ్లు సాయం చేస్తున్నారు, సంతోషం. కొనేటప్పుడు ఇది ఎక్కడిదని కూడా అడిగితే మాకు ఇంత తిరుగుడు ఉండదు."

ఆ తర్వాత సాయం ఆగిపోయింది. మా మేనేజర్ తెలుగాయనే. నన్ను గదిలోకి పిలిచి, "మీ వర్క్‌లో ప్రాబ్లం ఏం లేదండి. ఫండింగ్ కట్ అయింది, అంతే. మండే నుంచి రిటైల్ టీమ్‌లో జాయిన్ అవ్వండి" అన్నాడు. కొత్త పని షాపింగ్ మాల్స్ ముందు ఎన్ని కార్లు ఆగాయో చూడటం. దానికీ ఆ ఉపగ్రహం ఫొటోలే.

ఆవిడతో చివరి కాల్‌లో, ఇక గుర్తులు పంపలేనని చెప్పాను. ఆవిడ అంది: "ఫొటోలు లేనప్పుడూ మేం అడవిలో తిరిగాం. ఇప్పుడూ తిరుగుతాం. కాకపోతే ఆలస్యంగా తెలుస్తుంది."

శనివారాలు పొద్దున్నే, అమ్మాయిని స్విమ్మింగ్‌కి దింపి, అందరికీ ఉచితంగా దొరికే ఫొటోలు ల్యాప్‌టాప్‌లో తెరిచేదాన్ని. అవి మసకగా ఉంటాయి, వానాకాలంలో మబ్బులు తప్ప ఏమీ కనిపించవు. మబ్బులు విడిచాక ఓ శనివారం చూస్తే తూర్పున ఒక కొండవాలు మొత్తం మట్టిరంగులో ఉంది. మెసేజ్ పెట్టాను. బృందం అప్పటికే అక్కడికి వెళ్లివచ్చిందట. వాలు పోయింది గానీ కొండ అవతలికి నరుకుడు సాగకుండా ఆపగలిగారు. మనుషులు చాలడం లేదని రాసింది. ఆ సాయంతోనే వచ్చే జీతాలు ఆగాక కాపలావాళ్లలో కొందరు పని వెతుక్కుంటూ ఉత్తరానికి, అంటే మా వైపుకే, బయల్దేరారు.

వాళ్లు చేరారా అని అడిగాను. తనకూ తెలియదంది.