ఒక ఏడాది చెల్లెల్ని

మొన్న ఆదివారం లోవర్ హట్ సంతలో ముల్లంగి ఏరుకుంటుంటే, ఒక కొరియా పెద్దావిడ ఎదురుపడగానే ఓ పడుచుపిల్ల చేతులు ఒద్దికగా ముందుకు పెట్టుకుని నడుము వంచి నమస్కరించడం చూశాను. కొనాల్సినవి మరిచి అక్కడే నిలబడిపోయాను. ఇరవై ఏళ్ల కిందట అలా వంగిన నడుము ఒకటి నన్నెంత ఏడిపించిందో నాకే తెలుసు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో మేమిక్కడికి వచ్చాం. మా ఆయన పొద్దున్నే రైలెక్కి వెల్లింగ్టన్‌లో కంప్యూటర్ ఉద్యోగానికి వెళ్తే చీకటి పడ్డాకే ఇంటికొచ్చేవారు. అంతవరకు ఆ ఫ్లాట్‌లో గాలి హోరు తప్ప ఇంకో చప్పుడుండేది కాదు. ఇండియాకి ఫోన్ చేయాలంటే కార్డు గీకి అన్ని నంబర్లూ నొక్కి, తీరా కలిశాక ఏం మాట్లాడాలో తోచని రోజులవి. పుట్టింట్లో నలుగురిలో పెద్దదాన్నీ, అత్తింట్లో పెద్ద కోడల్నీ అయి ఊపిరాడకుండా బతికినదాన్ని, ఇక్కడ ఎవరికీ ఏమీ కాకుండా పోయాను. ఆ ఒంటరితనం పడలేకే ఒక కొరియా వాళ్ల సుషీ దుకాణంలో బియ్యం కడిగి, కీరా తరిగే పనికి కుదురుకున్నాను.

చేరిన రోజే యజమానురాలు నా వయసు అడిగింది. ఆడవాళ్లని అడగకూడనిదే ముందు అడిగిందేమిటా అని నొచ్చుకున్నాను కానీ, అది తెలియందే వాళ్లకి నోరు పెగలదట. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్ల పలకరింపులకీ మెట్లున్నాయి, మనకంటే ఇంకా ఎక్కువే, ఎవరు ఏ మెట్టు మీద నిలబడాలో వయసే చెబుతుంది. నా అసలు వయసు చెప్పాను. నా పక్కన రోల్స్ చుట్టే ఆవిడ, కూతురి చదువు కోసం భర్తని కొరియాలో వదిలి వచ్చినావిడ, నాకంటే ఏడాది పెద్దదని తేలింది. ఆ క్షణం నుంచి ఆవిడ నాకు ఒన్నీ, అంటే అక్క.

యజమానురాలికి వంగి "అన్న్యోంగ్ హసేయో" అని నిండుగా నమస్కారం చెప్పే ఒన్నీ, నన్ను చూస్తే సగం మాటతో "అన్న్యోంగ్" అని వీపు మీద చరిచేది. ఆ వెంటనే "పాప్ మొగొస్సో?" అనేది. అన్నం తిన్నావా అని. తినలేదంటే నాకర్థం కాని భాషలో తిట్టి, చేపముక్క తగలకుండా నాకోసం విడిగా ఒక రోల్ చుట్టి నోటికందించేది. జలుబు చేస్తే అల్లం, తేనె కలిపిన వేడినీళ్లు తాగేదాకా కదలనిచ్చేది కాదు. పుట్టి బుద్ధెరిగాక నేను ఒకరికి చెల్లెలినైంది అప్పుడే. అందుకని ఆ తిట్ల కోసం కొన్నాళ్లు కావాలనే తినకుండా వెళ్లేదాన్ని.

ఏడాది తిరిగాక వర్క్ పర్మిట్ పొడిగించాల్సి వచ్చి, జిరాక్స్ తీయమని నా పాస్‌పోర్ట్‌ని ఒన్నీ చేతికే ఇచ్చింది యజమానురాలు. మిషన్ పక్కన నిలబడి ఆవిడ ఆ పేజీని ఎంతసేపు చూసిందో. మన తరం వాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మూడేళ్లు దాటీ దాటగానే నన్ను బళ్లో కూర్చోబెట్టాలని మా నాన్న ఐదు నిండాయన్నారు, హెడ్మాస్టారు తనకి తోచిన జూన్ తేదీ ఒకటి వేసేశారు. ఆ తేదీయే పదో తరగతి సర్టిఫికెట్‌కీ, పాస్‌పోర్ట్‌కీ ఎక్కింది. దాని ప్రకారం ఒన్నీ కంటే నేనే ఏడాది పెద్ద.

నాకున్న ఇంగ్లీషులో, ఆవిడకున్న ఇంగ్లీషులో ఇదంతా చెప్పబోయాను. సర్కారు ముద్ర ముందు నా మాట నిలవలేదు. కోప్పడినా బాగుండేది. ఆవిడ నడుము వంచి, ఇన్నాళ్లూ పెద్దదాన్ని పట్టుకుని చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడానని క్షమాపణ అడిగింది. మర్నాడు నన్నే ఒన్నీ అని, "షిక్సా హషొస్సోయో?" అంది. భోజనం చేశారా అండీ అని.

మా ఆయన నవ్వారు. "ఏజ్ అడిగితే పాస్‌పోర్ట్‌లో ఉన్నది చెప్పాలి గానీ అసలుది చెప్తారా ఎవరైనా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. నా మాటకంటే కాగితం ఎక్కువైందా అని పౌరుషం వచ్చి, నేనూ అంతే మర్యాదగా బదులివ్వడం మొదలుపెట్టాను. ఆవిడ నాకు రోల్ అలాగే చుట్టి పెట్టేది, కాకపోతే రెండు చేతులతో అందించేది, తిట్టేది కాదు. పక్కపక్కనే నిలబడి ఎనిమిది నెలలు ఒకరినొకరం గౌరవించుకున్నాం. తర్వాత కూతురి చదువు పూర్తయి కొరియా వెళ్లిపోయింది. ఆఖరి రోజు ఆవిడా వంగింది, నేనూ వంగాను.

చాలా ఏళ్లకు రైల్లో యజమానురాలు కలిసి, మాటల్లో ఒక సంగతి చెప్పింది. వాళ్లలో చిన్నవాళ్లు తమంతట తాము చనువు తీసుకోకూడదట, పెద్దవాళ్లే "నాతో మామూలుగా మాట్లాడు" అని చెప్పాలట. నేను అలా ఒక్కసారి చెప్తే చాలు, అంతా మునుపటిలా ఉండేదట. నాకింకా కోపం పోలేదా అని ఒన్నీ తనను రెండుసార్లు అడిగిందట కూడా. ముగ్గురు చెల్లెళ్ల మీద పెత్తనం చేసిన నాకు, ఆ అధికారం అక్కడ నా చేతిలోనే ఉందని తెలియలేదు.

ఇప్పుడు ఇక్కడ మనవాళ్లు బోలెడుమంది. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ఆంటీ అంటూ లేచి కుర్చీ ఇస్తారు, మర్యాదకి లోటు లేదు. ఇండియాలో ఎవరితోనైనా తెర మీద ముఖం చూస్తూ మాట్లాడుకోవచ్చు. ఆ రోజుల్లో ఒంటరితనం నా ఒక్కదానిదే అనుకుని ఏడ్చాను. నేను ఒక్క మాట అంటానని ఎనిమిది నెలలు నా పక్కనే నిలబడి ఎదురుచూసిన మనిషిది కూడా అని తెలిసేసరికి, ఆవిడ ఏ ఊళ్లో ఉందో చెప్పేవాళ్లు కూడా లేకపోయారు.