ఎర్రమందారం గిన్నె

మా ఆయన పోయాక లేత్ మిషన్ అమ్మెయ్యమని నాకు చెప్పనివాళ్లు లేరు. వన్‌టౌన్ సందులో మా కొట్టు. మగ్గాలకు నూలు చుట్టే కండెలు, మంచాలకు కోళ్లు ఆయన తిప్పేవారు. ఉలితో చెక్కడం, రంగులెయ్యడం నా పని. మిషన్ నేను అమ్మలేదు. తిరుగుతున్న కర్ర మీద ఉలి ఎలా ఆనించాలో నేర్చుకున్నాను. మొదట్లో చెక్కముక్కలు ఎగిరొచ్చి మొహాన కొట్టేవి. వాటిని తిట్టుకుంటూనే నేర్చుకున్నాను.

మా అమ్మాయికి కంకిపాడు సంబంధం కుదిరింది. తలంబ్రాల గిన్నె నేనే చెయ్యాలనుకున్నాను. విచ్చుకున్న మందారంలా ఉండాలి. నిద్రగన్నేరు దుంగను లేత్‌కెక్కించి ముందు మామూలు గిన్నెలాగే తిప్పాను. అంచు మాత్రం మందంగా ఉంచాలి. అక్కడ తొందరపడి పల్చన చేస్తే, రేకులు విడదీసేటప్పుడు పుటుక్కున చీలిపోతుంది. తర్వాత పెన్సిల్‌తో రేకులు గీసుకుని, సన్న ఉలితో మడతలు చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, ఎరుపు రంగేశాను.

మా ఆయన అక్కగారు వచ్చి గిన్నెను అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత గొంతు తగ్గించారు.

"బాగుందమ్మా. నువ్వు చేశావని మాత్రం పెళ్లివారితో అనకు. బెంజ్ సర్కిల్ షాపులో కొన్నామందాం. తలంబ్రాల టైముకి నువ్వు వెనకాల ఎక్కడో కూర్చో, చాలు."

నా ఒళ్లు మండిపోయింది. భర్త లేని ఆడది తలంబ్రాల దగ్గరికి రాకూడదట. ఆమె చేసిన గిన్నె మాత్రం రావచ్చట, ఎవరు చేశారో చెప్పకపోతే. ఈ రూలు ఎవరు పెట్టారో గానీ, నన్నడిగి పెట్టలేదు.

"షాపులో కొన్నదైతే ఎవరైనా తేవచ్చు వదినగారూ. నేను చేసింది నేనే తెస్తాను," అన్నాను.

"పిల్ల కాపురం గురించన్నా ఆలోచించవా?"

ఆ మాట గుచ్చుకుంది. నా పంతం పిల్లకి చుట్టుకుంటుందేమోనని భయమేసింది. గిన్నెను బల్ల కిందకి తోసి, మళ్లీ కండెలు తిప్పుకుంటూ కూర్చున్నాను. ఒకరోజు మా అమ్మాయి కొట్టుకొచ్చి దాన్ని పైకి తీసి, కొంగుతో పొట్టు తుడిచింది.

"వార్నిష్ ఎప్పుడేస్తావమ్మా?" అంది. ఆ సాయంత్రమే వేశాను.

పెళ్లిపీటల మీద వదినగారూ అన్నయ్యగారూ కూర్చుని కన్యాదానం చేశారు. ముత్తైదువలు బియ్యంలో పసుపూ నెయ్యీ కలిపారు. కలపనీ అనుకున్నాను.

"తలంబ్రాల గిన్నె ఏదండీ?" అన్నారు పంతులుగారు.

వెనక వరసలోంచి లేచాను. గిన్నె పట్టుకుని మండపం ఎక్కాను. వదినగారు చెయ్యి చాపారు.

"ఇలా ఇవ్వు."

"మీరు బియ్యం పొయ్యండి వదినగారూ. నేను పట్టుకుంటాను."

మేళం మోగుతూనే ఉంది. పెళ్లికొడుకు తల్లి ముందుకు వంగి చూసి, "ఎంత బాగుందో! ఎవరు చేశారండీ?" అంది.

"నేనే," అన్నాను, మేళం మీద నుంచి వినపడేంత గట్టిగా.

ఆవిడ నా నుదుటి వంక చూసింది, గిన్నె వంక చూసింది. "కానివ్వండమ్మా," అన్నారు పంతులుగారు. వదినగారు పెదవి బిగించి బియ్యం పోశారు.

మా అమ్మాయి రెండు చేతులూ గిన్నెలో ముంచింది. బియ్యం అయిపోయేదాకా గిన్నెను నేనే పట్టుకున్నాను.